నాలుగు వందల ఇరవై నాలుగు

చుట్టలమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. కొత్తగా ఇల్లు మారి వచ్చినవాళ్ళు ఆ పేరు విని, పాపం ఆడమనిషికి ఇదేం అలవాటు అనుకునేవారు. తీరా షాపులోకి తొంగిచూసి నాలిక కరుచుకునేవారు. ఆమె చుట్టేవి పొగాకు చుట్టలు కావు, రాగి చుట్టలు. ట్రాన్స్‌ఫార్మర్లు, చోకులు, బ్యాటరీ చార్జర్ల కాయిళ్ళు, ఏదైనా సరే, చేతి మెషిన్ హ్యాండిల్ తిప్పుతూ, ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి వెంట్రుకంత తీగను వదులుతూ, పొరకీ పొరకీ మధ్య కాగితం పరుస్తూ ఇరవై రెండేళ్ళుగా చుడుతూనే ఉంది. షాపు తండ్రిది. ఆయన పోయాక ఆమె చేతికొచ్చింది. ఆమెకున్న గొప్ప ఒకటే. "మా గడప దాటిన పీసు ఒక్కటీ తప్పుపోలేదు" అని ఎవరు అడిగినా, అడక్కపోయినా చెప్పేది.

ఆ రోజు ఉదయం షాపు తీసి గంట కాలేదు. ఆమె అన్నగారి కూతురు వచ్చింది, భుజాన పెద్ద సంచితో. ఆ పిల్లకి పందొమ్మిది. చెవిటి మిషన్లు బాగుచేసే చోట పనిచేస్తోంది. గోరంత మిషన్లు, బొత్తాం అంత బ్యాటరీలు. సంచి జాగ్రత్తగా బల్ల కింద పెట్టి, స్టూలు మీద కూర్చుని, ఊపిరి కూడా తీసుకోకుండా అంది:

"అత్తా, నాకో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిపెట్టు. నాలుగొందల వోల్టులు, మధ్యలో సున్నా, మళ్ళీ నాలుగొందలు."

"ముందు మంచినీళ్ళు తాగు. ఒకటిన్నర వోల్టు దగ్గర్నుంచి ఒక్కసారే నాలుగొందలకా? ఏం చేస్తావ్ దాంతో?"

"వాల్వు యాంప్లిఫయర్ కడుతున్నా. రోజంతా చెవుల్లో కీచుమనే శబ్దాలే వింటున్నా. ఇంటికెళ్ళాకైనా ఒక్క మంచి శబ్దం వినాలని ఉంది."

"ఏ వాల్వులు?"

పిల్ల సంచిలోంచి ఒక జత మేజోళ్ళు తీసింది. వాటిలోంచి నాలుగు సన్నటి గాజు వాల్వులు బయటికొచ్చాయి. చుట్టలమ్మ ఒకదాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"వీటి లోపలి ప్లేటు మీద మూడొందలు దాటితే గుడ్లు తేలేస్తాయి. ఎవరు చెప్పారు నీకు నాలుగొందలని?"

"ఎక్కువుంటే శబ్దం బాగా వస్తుందనుకున్నా. సరే అయితే, మూడొందలు, సున్నా, మూడొందలు."

"అదుగో, అక్కడే అందరూ బోల్తాపడేది." చుట్టలమ్మకి హుషారొచ్చింది. ఇలాంటి మాటలు మాట్లాడేవాళ్ళు ఆ షాపుకి రావడం మానేసి చాలా కాలమైంది. పాత కాగితం తిరగేసి, పెన్సిలుతో ఒక అల గీసింది. "ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది ఇలా పైకీ కిందకీ ఊగే కరెంటు. మూడొందలు అని మనం చెప్పేది దాని సరాసరి లాంటి లెక్క. అల కొన ఇంకా పైన ఉంటుంది. దాన్ని ఒకేవైపు పారించే రెక్టిఫయర్ దాటాక, కరెంటు నిలవచేసే కెపాసిటరు ఉంది చూశావా, అది ఆ కొననే పట్టుకుని వేలాడుతుంది. మూడొందల్ని ఒకటి పాయింటు నాలుగుతో హెచ్చవెయ్యి."

"నాలుగొందల ఇరవై!"

"నువ్వడిగిన నాలుగొందలకి వేస్తే ఐదొందల అరవై. మనిషిని కాదు, ఎద్దుని పడగొడుతుంది. అందుకని వాల్వు దగ్గర్నుంచి వెనక్కి నడిచి రావాలి. నీకు ప్లేటు మీద కావాల్సింది మూడొందల లోపు. రెక్టిఫయర్ వాల్వు తన వాటా కింద ఓ నలభై మింగేస్తుంది. అంటే మూడొందల ముప్పై ఆరు దాకా కొన ఉండొచ్చు. ఒకటి పాయింటు నాలుగుతో భాగించు."

పిల్ల ఫోను తీయబోయింది. చుట్టలమ్మ ఆ చేతిమీద ఒక్కటిచ్చింది. పిల్ల కళ్ళు మూసుకుని లెక్క కట్టి, "రెండొందల నలభై" అంది.

"రెండొందల నలభై, సున్నా, రెండొందల నలభై. వాల్వుల దీపాలకి ఆరు పాయింటు మూడు, రెక్టిఫయర్ దీపానికి ఐదు. అయిపోయింది. ఇంకొక్క సంగతి గుర్తుపెట్టుకో. స్విచ్చి వెయ్యగానే రెక్టిఫయర్ ముందు లేస్తుంది, మిగతా వాల్వులు బద్ధకంగా లేస్తాయి. ఆ పదిహేను ఇరవై సెకన్లు కరెంటు వాడుకునే నాథుడు ఉండడు. మింగేవాడు లేడు కాబట్టి మొత్తం కొనంతా కెపాసిటర్ల నెత్తినే. అవి తట్టుకోవాలి. నువ్వు నాలుగొందల యాభైవి పెట్టు. గోడలో కరెంటు ఒక్కోరోజు పెరిగినా భయం లేదు."

పిల్ల అన్నీ రాసుకుంది. తరవాత కాస్త తటపటాయించి, బల్ల కింది సంచి పైకెత్తింది.

"లోపలి ఇనుప కోర్ కొత్తది ఎందుకు అత్తా, దీన్లోది పనికొస్తుందేమో చూడు."

దుమ్ము పట్టిన దుప్పటి ముక్క విప్పేసరికి, పెట్టెలాంటి ఒక అల్యూమినియం ఛాసీ బయటపడింది. వాల్వుల చిల్లులు, ఒక మూల నల్లటి మసి మరక, దాని పక్కన చీలిపోయిన కెపాసిటరు డబ్బా, ఇంకో మూల పసుపురంగు టేపు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్.

చుట్టలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇది మీ నాన్నకి చెప్పే తెచ్చావా?"

"చెప్తే తెమ్మంటాడా? అటక మీద, పాత కుట్టుమిషన్ పెట్టె వెనకాల దాచాడు. అడిగితే పొమ్మంటాడని..."

ఆమె ఛాసీని దగ్గరికి లాక్కుంది. ఆ పసుపు టేపు తనే చుట్టింది. ఆ దారం ముడులు తన ముడులే, కొంచెం బిగువెక్కువ. ఆమె ఒంటరిగా, ఎవరి చెయ్యీ పడకుండా చుట్టిన మొట్టమొదటి పీసు అది.

అప్పుడామెకి పందొమ్మిదేళ్ళు. మెషిన్ ఎక్కి ఆర్నెల్లు. అన్నయ్య పెద్ద వాల్వులతో యాంప్లిఫయర్ కడుతూ, మూడొందల పాతిక, సున్నా, మూడొందల పాతిక కావాలన్నాడు. తండ్రి రెండు రోజుల పని మీద ఊరెళ్ళాడు. తనే చుట్టింది. వార్నిష్ వాసన పోకముందే అన్నయ్య వచ్చి ఎగరేసుకుపోయాడు. రెండు రోజుల తరవాత పొద్దున్నే ముందుగదిలో స్విచ్చి వేశాడు. ఆమె వెనకగదిలో ఉంది. ఎవరో తలుపు విసిరికొట్టినట్టు చప్పుడైంది. పరిగెత్తుకొచ్చేసరికి గది నిండా కాగితం పీలికలు తేలుతున్నాయి, ముక్కు పగిలే కంపు. అన్నయ్య ఎడమకన్ను రెండు చేతులతో మూసుకుని కూర్చుని ఉన్నాడు. కెపాసిటరు రేకు ఎగిరొచ్చి కంట్లో తగిలింది. కన్ను పోయింది. మూడు వారాల్లో రైలు డ్రైవరు ట్రైనింగులో చేరాల్సినవాడు. అదీ పోయింది.

"నా తప్పే," అన్నాడు ఆస్పత్రిలో అందరితో. "ప్లస్సూ మైనస్సూ చూసుకోకుండా కెపాసిటరు తిరగేసి పెట్టాను."

ఏడుపులు అయిపోయాయి. ఒకటి రెండేళ్ళకి ఆ సంగతి మీద నవ్వడం కూడా మొదలైంది. అతను కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. ఒకరోజు భోజనాల దగ్గర చుట్టలమ్మే అంది, "మా అన్నయ్య ఏదైనా తిరగేసే పెడతాడు, రివర్సన్నయ్య" అని. అందరూ పడీపడీ నవ్వారు, అతనితో సహా. ఆ పేరు అంటుకుపోయింది. పిల్లలకి రివర్సు మామయ్య, రివర్సు బాబాయి. చుట్టాల్లో సగంమందికి ఆయన అసలు పేరు తెలియదు.

"ఏంటత్తా, అలా ఉండిపోయావ్?"

"ఏం లేదు. నా మొదటి పీసు ఇది." ఆమె టేపు మీద దుమ్ము తుడిచింది. ముచ్చటేసింది. "ఇది మూడొందల పాతికది. నీ వాల్వులకి ఎక్కువ. కానీ మంచి ఇనుము. బతికుందో లేదో చూద్దాం."

వైర్లు కత్తిరించి, ముందు బల్బుతో వరసలో పెట్టి కరెంటు ఇచ్చింది. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది. లోపల ఎక్కడా షార్టు లేదు. పిల్ల చప్పట్లు కొట్టింది. చుట్టలమ్మ గర్వంగా బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చి, దీపాల వైరు మీద మీటరు పెట్టింది. ఆరు పాయింటు రెండు. "చూశావా, ఇరవై రెండేళ్ళయినా గీత దాటలేదు." తరవాత, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎక్కువ వోల్టులిచ్చే ఎర్రవైర్ల మీద మీటరు కొన ఆనించింది.

నాలుగు వందల ఇరవై నాలుగు.

ఆమె కొన తీసి మళ్ళీ పెట్టింది. నాలుగు వందల ఇరవై నాలుగు. రెండో ఎర్రవైరు. అదే. మీటరు బ్యాటరీ అయిపోయిందేమో అని గోడకి వేలాడుతున్న పాత ముల్లు మీటరు దించింది. ముల్లు వణికి, నాలుగొందలు దాటి, పాతికకి ఒక వెంట్రుకవాసి ఇవతల ఆగింది. గోడ ప్లగ్గులో కరెంటు చూసింది. రెండొందల ముప్పై ఒకటి. దాంట్లో ఏ తేడా లేదు.

"మూడొందల పాతిక అన్నావు కదా?" అంది పిల్ల.

చుట్టలమ్మ స్విచ్చి ఆపింది. ఆపాక కూడా వేలు స్విచ్చి మీదే ఉండిపోయింది.  నాలుగొందల ఇరవై నాలుగు, ఒకటి పాయింటు నాలుగు. లెక్క దానంతటదే తలలో తిరిగింది. దాదాపు ఆరువందలు. ఆరువందల వోల్టులు, ఐదొందలకి తయారుచేసిన కెపాసిటర్ల మీద. మింగేవాడు లేని ఆ పదిహేను సెకన్లు. అన్నయ్య దాని మీదికి వంగి చూస్తున్నాడు.

ఛాసీని తిరగేసింది.  చీలిన కెపాసిటరు కింద రెండు అతుకులు. ఎర్రవైరు ప్లస్సు గుర్తు దగ్గర, నల్లవైరు మైనస్సు దగ్గర. అతుకు మీద అతుకు వేసిన జాడ కూడా లేదు. ఇరవై రెండేళ్ళ కిందట అతను ఎలా పెట్టాడో అలాగే ఉంది.

పిల్ల కూడా వంగి చూసింది. ఆ పిల్ల రోజంతా ఇంతకంటే చిన్న అతుకులు చూసేది. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"సరిగ్గానే పెట్టాడు," అంది నెమ్మదిగా. "అత్తా, నాన్న తిరగేసి పెట్టలేదు."

ఎక్కడ తప్పానో అని చుట్టలమ్మ వెతుక్కోనక్కర్లేకపోయింది. గోడ మీద తండ్రి రాసిపెట్టిన పట్టిక ఇంకా ఉంది, అద్దం వెనకాల, పసుపెక్కి. పెద్ద కోరుకి వోల్టుకి నాలుగు చుట్లు. దాని కింది వరసలో చిన్న కోరుకి ఐదుంబావు కంటే కాస్త తక్కువ. గోడ కరెంటు అందుకునే ప్రైమరీ పొద్దున చుట్టింది, పైవరస చూసి. మధ్యాహ్నం భోంచేసి వచ్చి, ఎక్కువ వోల్టులిచ్చే సెకండరీ మొదలుపెట్టింది, కిందివరస చూసి. దీపాల చుట్లు మర్నాడు, మళ్ళీ పైవరస. అంతే. ఒక్కో సగంలో పదమూడు వందల చుట్లు పడాల్సిన చోట పదహారు వందల తొంభై. షాపు మీటరు తండ్రి వెంట ఊరెళ్ళింది కాబట్టి కొలవలేదు. కొలవలేదన్న సంగతే ఆమెకి ఇన్నేళ్ళలో ఒక్కసారీ గుర్తురాలేదు.

షాపు షట్టరు దించేసింది. పొద్దున పదకొండింటికి ఆ షట్టరు దిగడం వీధిలో ఎవరూ అంతకుముందెన్నడూ చూడలేదు. పక్క టీ కొట్టాయన "ఏమ్మా, ఎవరికైనా బాగాలేదా?" అని అడిగాడు. ఆమె వినిపించుకోకుండా నడిచింది. వెనకాల మేనకోడలు సంచి మోసుకుంటూ దాదాపు పరిగెత్తింది. అన్నయ్య షాపు నాలుగు వీధుల అవతల. ఆ నాలుగు వీధులూ ఎలా దాటిందో ఆమెకి తెలియదు. ఎదురుగా వచ్చే ప్రతివాడి రెండు కళ్ళూ కనిపించాయి, అంతే గుర్తు.

అన్నయ్య ఒక కుట్టుమిషన్‌ని పక్కకి వాల్చి దాని పొట్టలో నూనె వేస్తున్నాడు. వదిన కిటికీ పక్కన కూర్చుని, బాగైన మిషన్ల మీద గుడ్డపీలికలు కుట్టి చూస్తోంది. చెల్లెల్ని చూసి అతను నవ్వబోయి, కూతురి చేతిలో సంచిని చూశాడు. దుప్పటి ముక్క అంచు బయటికి కనిపిస్తోంది. నూనె డబ్బా కింద పెట్టాడు.

చుట్టలమ్మ గుమ్మంలోనే నిలబడింది. 

అతనే అడిగాడు. "ఎంత చూపించింది?"

"నాలుగొందల ఇరవై నాలుగు."

"అప్పుడూ అంతే చూపించింది."

ఆమె అక్కడున్న మిషన్ బల్ల పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. తప్పు తనదని తెలిసినప్పుడు కూడా ఇంత కాలేదు.

"నీకు తెలుసా? నీకు తెలుసా అన్నయ్యా?"

"ఏం తెలుసు? ఏంటిది?" అంది వదిన.  పిల్లే తల్లి దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి రెండు ముక్కల్లో చెప్పింది. వదిన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"ముందు తెలీదే," అన్నాడు అతను చేతులు తుడుచుకుంటూ. "ఆస్పత్రిలో నిజంగానే తిరగేశాననుకున్నా. ఇంకేం జరగడానికి ఉంది కనుక? ఇంటికొచ్చిన నాలుగోరోజు, కట్టు ఇంకా ఉంది, ఒంటికంటితో చూద్దును కదా, కెపాసిటరు సరిగ్గానే ఉంది. అప్పుడు మీటరు పెట్టా. నాలుగొందలు దాటేసరికి ఈ రెండో కన్ను కూడా పోయిందనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? నాన్నకా? ఆయన ఏమనేవాడో మర్చిపోయావా? ఒక్క పీసు తప్పు రానీ, ఆ రోజే హ్యాండిల్ లాగేసుకుంటా అని రోజూ నీ నెత్తిన మొట్టేవాడు. నాకు కన్ను ఎలాగూ రాదు. నీ చేతిలో పని కూడా పోవడం ఎందుకు?"

"నాకు చెప్పొచ్చు కదా!" ఆమె గొంతు షాపు దాటి వీధిలోకి పోయింది. "నాకు, నాకు చెప్పొచ్చు కదా. అప్పుడే ఆర్నెల్లు నేర్చుకున్నదాన్ని. ఇంకెన్ని అలా చుట్టి పంపించి ఉంటానో, ఎవరి ఇంట్లో ఏం పేలి ఉంటుందో..."

"ఏం పేల్లేదు."

"నీకెలా తెలుసు?"

అతను చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. "నేను కొలిచేవాణ్ణి."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. కన్ను పోయిన ఏడాది అన్నయ్య రోజూ సాయంత్రం షాపుకొచ్చి కూర్చునేవాడు. తయారైన పీసులు వరసగా పెట్టి, మీటరు తీసుకుని ఒక్కొక్కటీ చూస్తుండేవాడు. పాపం ఉద్యోగం పోయింది, ఊసుపోక అలా గడుపుతున్నాడు అనుకునేది. ఒకటి రెండుసార్లు విసుక్కుంది కూడా, అడ్డం లెమ్మని.

"ఏడాదిపాటు చూశా," అన్నాడు. "ఒక్కటి తప్పలేదు. తరవాత మానేశా."

చుట్టలమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుపు రాలేదు.  "నీకు ఆ పేరు పెట్టింది నేను," అంది చేతుల వెనకనుంచే. "అందరి ముందూ. నువ్వు కూడా నవ్వావు."

"నవ్వొచ్చింది, నవ్వా. ఇదుగో, ఒక్క మాట విను. ఆ రోజు నా దగ్గర నా సొంత మీటరు ఉంది. బల్ల మీదే ఉంది. స్విచ్చి వేసేముందు ఒక్కసారి పెట్టి చూస్తే అరనిమిషం పట్టేది. చెల్లెలు చుట్టింది కదా, ఏం కొలుస్తాంలే అనుకున్నా. కాబట్టి మొత్తం నీదే అనుకోకు. సగం నాకూ ఉంచు."

"మరి అది పారెయ్యలేదేం నాన్నా?" పిల్ల అడిగింది. "పారేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు కదా."

"మొదటి పీసు కదమ్మా. పారెయ్యబుద్ధి కాలేదు."

అప్పుడు లేచింది వదిన. కుట్టిన గుడ్డపీలిక ఉండచుట్టి మొగుడి ఒళ్ళోకి విసిరికొట్టింది. "పెళ్ళయిన వారానికే నేను కూడా రివర్సని పిలిచాను. ఇరవై ఏళ్ళు! నాక్కూడా చెప్పలేదు మీరు!" అని వెనకగదిలోకి వెళ్ళిపోయింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ తరవాత పదిరోజులు చుట్టలమ్మ హ్యాండిల్ ముట్టుకోలేదు. షాపు తీసేది, కూర్చునేది. చెక్క అరల్లో ఉన్న పీసులన్నీ దించి, ఒక్కొక్కదానికీ మూడేసిసార్లు మీటరు పెట్టేది. అన్నీ సరిగ్గానే ఉండేవి. నాలుగోసారి పెట్టేది. తీగ చేతిలోకి తీసుకుంటే, అవతలి మనిషి ఎవరో వంగి చూస్తున్నట్టు అనిపించి వదిలేసేది. ఒక మధ్యాహ్నం ఆ పసుపు టేపు పీసుని బల్ల మీద పెట్టుకుని, మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, సెకండరీలో పైసగం విప్పడం మొదలుపెట్టింది. పిల్ల లెక్కపెట్టింది. పదమూడు వందలు దాటాక ఇద్దరూ మాట్లాడుకోలేదు. పదహారు వందల ఎనభై తొమ్మిది దగ్గర తీగ చివర ఊడి చేతిలోకొచ్చింది. ఒక చుట్టు తేడా. ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందా అని చుట్టలమ్మ చాలాసేపు ఆలోచించింది. అలాంటి మనిషి ఆమె.

ఆ వారంలోనే చిన్నాన్నగారి మనవరాలి పుట్టినరోజొచ్చింది. ఇల్లంతా జనం. ఎవరో పిల్లవాడు "రివర్సు మామయ్యా, ఇటు రా" అని కేకేశాడు. చుట్టలమ్మ చేతిలో ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఆయన ఏదీ తిరగేసి పెట్టలేదు," అంది. "ట్రాన్స్‌ఫార్మర్ నేను తప్పు చుట్టాను. ఆయన కన్ను పోయింది నా వల్ల. ఆయనకి తెలిసి కూడా చెప్పలేదు."

 చిన్నాన్న దగ్గి, "ఇప్పుడెందుకమ్మా అవన్నీ, పిల్లల ముందు" అన్నాడు. ఎవరో "ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదట" అన్నారు. అన్నయ్య మొహం ఎర్రబడింది. ఆయనకి అంత కోపం రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నేను ఇన్నేళ్ళు దాచింది ఒక్క నిమిషంలో పారబోశావు. నిన్నెవరడిగారు?"

"నువ్వు కూడా నన్ను అడగలేదుగా, దాచేముందు."

 పిలిచిన పిల్లవాడు బిక్కమొహం వేసుకుని, "మరి ఇప్పుడు నిన్ను ఏమని పిలవాలి మామయ్యా?" అని అడిగాడు. ఆయన వాణ్ణి దగ్గరికి లాక్కుని, "రివర్సనే పిలవరా. కొత్త పేరు పెడితే నేనే పలకను" అన్నాడు. జనం ఎక్కడ నవ్వడానికి సందు దొరుకుతుందా అని చూస్తున్నారేమో, ఒక్కసారి ఘొల్లుమన్నారు. చుట్టలమ్మకి మాత్రం నవ్వు రాలేదు. మర్నాడు వదిన ఫోను చేసి "మంచి పని చేశావు" అని మాత్రం అని పెట్టేసింది.

మేనకోడలి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడానికి ఇంకో వారం పట్టింది. పట్టికలో వరస పిల్ల చదివింది, ఆమె పైకి చెప్పింది, పిల్ల మళ్ళీ చదివింది. రెండొందల నలభైకి తొమ్మిదొందల అరవై చుట్లు. చుడుతున్నంతసేపూ భోజనానికి లేవలేదు. అయిపోయాక మీటరు రెండొందల నలభై ఒకటి చూపించింది. అన్నయ్య తన పాత మీటరు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు.

"కొలువు," అంది ఆమె. "ఇకనుంచి ఏది కట్టినా, ఎవరు చుట్టినా, ముందు కొలువు."

ఆయన కొలిచాడు. తల ఊపాడు. 

యాంప్లిఫయర్‌ని వాళ్ళింటి ముందుగదిలోనే పెట్టింది పిల్ల. కెపాసిటర్ల మీద మందమైన రేకు మూత బిగించింది. మీటరు వైర్లు ముందే అతికి బయటికి లాగింది. అందర్నీ గుమ్మం బయట నిలబెట్టి, స్విచ్చి బోర్డుని పొడుగాటి వైరుతో అక్కడికి తెచ్చి, "అత్తా, నువ్వు వెయ్యి" అంది.

చుట్టలమ్మ వేలు స్విచ్చి దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ముందుకి కదలలేదు. "నా వల్ల కాదే," అంది. పిల్ల ఒక్క క్షణం చూసి, తనే వేసింది.

వాల్వుల్లో నారింజరంగు దీపాలు మెల్లగా వెలిగాయి. మీటరు అంకెలు పరుగెత్తాయి. రెండొందలు, మూడొందలు, మూడొందల నలభై.  ఐదు, ఆరు, ఏడు అని పిల్ల సెకన్లు లెక్కపెడుతోంది. పద్దెనిమిది దగ్గర అంకెలు దిగడం మొదలుపెట్టి, రెండొందల తొంభై నాలుగు దగ్గర నిలబడ్డాయి. స్పీకరులోంచి ఎవరిదో ఆడగొంతు, పక్కగదిలో కూర్చుని పాడుతున్నంత దగ్గరగా వినిపించింది.

"వస్తోంది!" అని పిల్ల లోపలికి పరిగెత్తింది. వదిన కూడా వెళ్ళింది. "కింద సన్నగా గుయ్యిమంటోందే," అన్నాడు అన్నయ్య గుమ్మంలోంచే. "ట్రాన్స్‌ఫార్మర్‌ని పక్కకి తిప్పి పెట్టి చూడు." "బాగానే ఉంది నాన్నా, నువ్వు వంకలు పెట్టకు" అని లోపలినుంచి కేక.

చుట్టలమ్మకి గుయ్యిమనడమూ వినిపించలేదు, పాటా వినిపించలేదు. ఆమె మీటరునే చూస్తోంది. రెండొందల తొంభై నాలుగు. తొంభై ఐదు. మళ్ళీ తొంభై నాలుగు. కాసేపటికి తన కుడిచెయ్యి అన్నయ్య చొక్కా మోచేతి దగ్గర గట్టిగా పట్టుకుని ఉందని తెలిసింది. అతన్ని గుమ్మం ఇవతలే ఆపి ఉంచింది. ఎప్పుడు పట్టుకుందో ఏమో. లోపల ఒక పాట అయిపోయి రెండోది మొదలైంది. ఆమె వదల్లేదు. అతనూ లోపలికి వెళ్ళలేదు.